మార్టిన్స్ లా వచ్చింది కదా, సెక్యూరిటీ షేరు కొనమంటారా?

మార్టిన్స్ లా అంటే, జనం గుమిగూడే చోట్లు ఉగ్రవాద దాడికి ముందే సిద్ధపడి ఉండాలని చెప్పే బ్రిటన్ చట్టం. మొన్న ఒక గృహప్రవేశంలో ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే ఒకాయన పక్కకు పిలిచారు. "మీరు అదే ఫీల్డ్ కదండీ, మార్టిన్స్ లా వల్ల ఏ కంపెనీ షేరు లేస్తుందో కాస్త చెప్పండి" అన్నారు. రెండు ముక్కలు మాట్లాడాక తెలిసింది, ఆయన ఇప్పటికే కొనేశారు. ఆయనకు కావలసింది సలహా కాదు, నా నోటి నుంచి "మంచి పని చేశారు" అన్న మాట.

అదే వారంలో ఒక గుడి కమిటీ పెద్దాయన ఫోన్ చేశారు. ఎవరో సేల్స్ మనిషి వచ్చి, రెండు మెటల్ డిటెక్టర్ గేట్లు, ఎనిమిది కెమెరాలు పెట్టకపోతే గుడి మూయించేస్తారని చెప్పి కొటేషన్ చేతిలో పెట్టి వెళ్లాడట. పాపం, ఆయనకు రెండు రోజులుగా నిద్ర లేదు.

ఒకరిది ఆశ, ఒకరిది భయం. రెండూ పుట్టింది ఒకే పుకారులోంచి: ఈ చట్టంతో ప్రతి చోటా పరికరాలు కొనాల్సిందేనని. నేను బ్రిటన్‌లో వేదికల భద్రత పని చేస్తాను. హాళ్లు, అరీనాలు తిరిగి ఏ తలుపు ఎలా మూతపడుతుంది, మైకు ఎంత దూరం వినిపిస్తుంది, గేటు దగ్గర జనాన్ని చూసుకునే స్టీవార్డ్ ఎటు చూస్తున్నాడు అని రాసుకోవడమే నా ఉద్యోగం. ఏ షేరు కొనాలో చెప్పేవాడిని కాదు. కానీ ఏ హాలు ఏం కొంటుందో, ఏం కొనదో రోజూ చూస్తుంటాను కాబట్టి ఆ మేరకు చెప్పగలను.

అపోహ: 200 మంది పట్టే ప్రతి చోటా పరికరాలు, గార్డులు తప్పనిసరి, కాబట్టి కంపెనీలకు పండగే

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నది ఇదే. లెక్క ఇలా వేస్తారు: చట్టం కిందకు వచ్చే చిన్న వేదికలు లక్షన్నరకు పైగా ఉన్నాయి, ఒక్కొక్కటి కొన్ని వేల పౌండ్లు ఖర్చు పెట్టినా ఎంతవుతుందో చూడండి అని. ఈ గుణకారంలో మొదటి అంకె సరైనదే. తప్పంతా రెండో అంకెలో ఉంది.

చట్టం రెండు అంచెలుగా ఉంది. సిబ్బందితో కలిపి ఒకేసారి 200 నుంచి 799 మంది దాకా ఉండే అవకాశం ఉన్న చోట్లు స్టాండర్డ్ టియర్. 800, ఆ పైన అయితే ఎన్‌హాన్స్‌డ్ టియర్. స్టాండర్డ్ వాళ్లు చేయాల్సింది, తమ సంగతి రెగ్యులేటర్‌కు, అంటే చట్టం అమలు చూసే సంస్థకు తెలియజేయడం, దాడి జరిగితే ఏం చేయాలో ఒక పద్ధతి సిద్ధంగా ఉంచుకోవడం. ఆ పద్ధతి నాలుగు విషయాల గురించి: జనాన్ని బయటకు పంపడం, ప్రమాదం బయట ఉంటే లోపలి సురక్షితమైన చోటికి తేవడం, తలుపులు మూసి ఎవరూ రాకుండా చేయడం, లోపలున్న వాళ్లకు సంగతి చెప్పడం. అంతే. కెమెరా, గేటు, గార్డు, వాహనాలను ఆపే బొల్లార్డ్ స్తంభం, ఏదీ కొనమని స్టాండర్డ్ టియర్‌లో చట్టం అడగదు. బ్రిటన్ హోం శాఖ, అదే హోం ఆఫీస్, ఈ మాటను మళ్లీ మళ్లీ చెప్పింది. అయినా కొటేషన్లు మాత్రం ఆగడం లేదు.

ఇంకోటి. ప్రార్థనా స్థలాలు, స్కూళ్లు 800 దాటినా స్టాండర్డ్ టియర్‌లోనే ఉంటాయి. పండగ రోజు గుడికి వెయ్యి మంది వస్తారు కాబట్టి ఎన్‌హాన్స్‌డ్ కిందకు పోతామని ఆ కమిటీ వాళ్ల కంగారు. కానీ వాళ్లు అందులోకి రారు.

ఒక సాయంత్రం వెళ్లి వాళ్లతో కూర్చున్నాను. "ఇప్పుడు వీధిలో ఏదో జరుగుతోంది, ముఖద్వారం మూసేయండి, చూద్దాం" అన్నాను. తాళంచెవి ఎక్కడుందో తెలియడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అది కోశాధికారి గారి కారులో ఉంది. మైకు ఉంది కానీ వంటగదిలోకి వినిపించదు. చేసిన మార్పులు: ఇంకో రెండు తాళంచెవులు, వంటగదికి ఒక స్పీకరు, ఎవరు ఏం చేయాలో రాసిన ఒక కాగితం, రెండు నెలలకోసారి ప్రాక్టీసు. ఇప్పుడు గృహప్రవేశంలో కలిసిన ఆయన కోణంలో చూడండి. ఈ గుడి ఖర్చులో ఆయన కొన్న కంపెనీకి వచ్చింది ఎంత? లక్షన్నర చోట్ల ఇలాంటి కథే నడిస్తే వచ్చేది ఎంత?

"సరే, పెద్ద వేదికలు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి, దాదాపు 24,000. వాళ్ల మీద బాధ్యత నిజంగానే ఎక్కువ. వచ్చేపోయే జనం మీద నిఘా, కదలికల నియంత్రణ, భవనం భద్రత, భద్రతా సమాచారం బయటకు పొక్కకుండా చూడటం. వీటన్నిటి మీద ఒక పత్రం రాసి రెగ్యులేటర్‌కు ఇవ్వాలి, ఒక సీనియర్ అధికారిని బాధ్యుడిగా పెట్టాలి. కానీ చట్టంలో ఒక చిన్న మాట ఉంది: ఆచరణలో సాధ్యమైనంత మేరకు. ఆ వేదిక స్తోమతను, పరిస్థితిని బట్టి చేయమని దాని అర్థం. పైగా ఈ 24,000లో పెద్ద స్టేడియాలు, అరీనాలు బ్యాగుల తనిఖీ, సీసీటీవీ, వాహనాలు దూసుకురాకుండా అడ్డుకట్టలు ఏళ్ల క్రితమే పెట్టుకున్నాయి. చట్టం వచ్చిందని వాళ్లు రేపు మళ్లీ అవే కొనరు. కొత్తగా పెరిగేది మిగతావాళ్ల ఖర్చు. అదీ ఒక్కసారిగా కాదు, బడ్జెట్ల వారీగా.

అసలు ఈ చట్టం ఎందుకు వచ్చిందో గుర్తు చేసుకుంటే ఈ అపోహ ఎంత వంకరో తెలుస్తుంది. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో కచేరీ ముగిసి జనం బయటకు వస్తుండగా బాంబు పేలి 22 మంది చనిపోయారు. వాళ్లలో ఒకరు మార్టిన్ హెట్. ఆయన తల్లి ఫిగెన్ ముర్రే ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన చట్టం ఇది. ఆ దాడి మీద సర్ జాన్ సాండర్స్ చేసిన విచారణ నివేదిక చదివితే కడుపు తరుక్కుపోతుంది. అక్కడ కెమెరాలు ఉన్నాయి, కానీ దాడి చేసినవాడు కూర్చున్న చోటు వాటికి కనపడదు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాయన అనుమానం వచ్చి పేలుడుకు పావుగంట ముందు సిబ్బందికి చెప్పారు. ఆ మాట వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు. రేడియోలో కంట్రోల్ రూమ్‌ను పట్టుకుందామని ఒక కుర్రాడు ప్రయత్నించినా లైను దొరకలేదు. అక్కడ లేనిది వస్తువు కాదు, కలిసి పనిచేసే పద్ధతి. చట్టం కూడా ముందు దాన్నే అడుగుతోంది. అందుకే పరికరాలు అమ్మే కంపెనీ ఈ చట్టాన్ని తన ప్రకటనగా వాడుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: చట్టం పాసైంది, ఇక వచ్చే త్రైమాసికం నుంచే అమ్మకాలు

2025 ఏప్రిల్ 3న రాజముద్ర పడింది. అమలుకు కనీసం 24 నెలల గడువు ఇచ్చారు. ఈలోగా రెగ్యులేటర్‌గా ఉండాల్సిన సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ, అదే ఎస్ఐఏ, ఈ కొత్త పనికి తయారవ్వాలి. వేదికల యజమానుల సంగతి నాకు తెలుసు. గడువు తేదీకి ముందు నెల దాకా ఫైలు తెరవరు.

ఇంకో సంగతి మన వాళ్లు మర్చిపోతున్నారు. ఇది నిన్న మొన్న బయటపడ్డ రహస్యం కాదు. 2021లోనే ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగింది, 2023లో ముసాయిదా బిల్లు వచ్చింది. అందులో కింది హద్దు 100 మంది. 2024 సెప్టెంబరులో అసలు బిల్లు పెట్టేసరికి దాన్ని 200 చేశారు. ఆ ఒక్క సవరణతో ఎన్నో చిన్న హాళ్లు చట్టం పరిధి దాటి బయటకు పోయాయి. 100 లెక్కన వేసుకున్న డిమాండ్ అంచనాలు ఇప్పటికీ కొందరి వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఏళ్లుగా అందరికీ తెలిసిన వార్తను షేరు ధర ఈపాటికే కొంతైనా లెక్కలోకి తీసుకుని ఉండదా? ఆలోచించండి.

అపోహ: గార్డులకు గిరాకీ పెరిగితే గార్డుల కంపెనీకి లాభం పెరిగినట్టే

ఆదాయం పెరగొచ్చు. లాభం వేరే సంగతి. గార్డులను పంపే వ్యాపారంలో ఖర్చంతా దాదాపు జీతాలే, మార్జిన్ పల్చన. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 11.44 నుంచి 12.21 పౌండ్లు అయింది. అదే నెలలో సిబ్బంది జీతాల మీద యజమాని ప్రభుత్వానికి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది, అది కట్టడం మొదలయ్యే జీతం ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కు దిగింది. వారంలో రెండు సాయంత్రాలు పనిచేసే స్టీవార్డులకు కూడా ఇప్పుడు కట్టాలి. మూడేళ్ల కాంట్రాక్టులో రేటు పెంచే షరతు లేకపోతే, ఎంత ఎక్కువ పని దొరికితే అంత ఎక్కువ నష్టం. అలాంటి కాంట్రాక్టు గెలిచి కేకు కోసిన ఒక సంస్థను దగ్గర నుంచి చూశాను. ఏడాది తిరక్కుండానే దాన్ని వదిలించుకోవడానికి లాయర్ల చుట్టూ తిరిగారు.

అపోహ: జరిమానాకు భయపడి ఏదైనా కొనేస్తారు

స్టాండర్డ్ టియర్‌లో గరిష్ఠ జరిమానా 10,000 పౌండ్లు. ఎన్‌హాన్స్‌డ్‌లో 1.8 కోట్ల పౌండ్లు లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. అంకె చూస్తే గుండె గుభేల్‌మంటుంది, నిజమే. కానీ భయపడిన యజమాని ముందు కొనేది యంత్రం కాదు, సలహాదారుడి సమయం. (నాకు మంచిదే, కాదనను.)

అపోహ: ఆ కంపెనీకి "మార్టిన్స్ లా సర్టిఫికేట్" ఉంది

అలాంటి ప్రభుత్వ ముద్ర ఏదీ లేదు. ఎస్ఐఏ గార్డులకు లైసెన్సులిస్తుంది, కంపెనీలకు అప్రూవ్డ్ కాంట్రాక్టర్ స్కీమ్ ఒకటి ఉంది. దానికీ ఈ చట్టానికీ ముడిపెట్టి ఎవరైనా మాట్లాడితే ఫోన్ పెట్టేయండి.

అపోహ: సరైన టెక్నాలజీ ఉన్న కంపెనీ అయితే డోకా లేదు

అమెరికాలో ఎవాల్వ్ అనే కంపెనీ ఉంది. ఆగి జేబులు ఖాళీ చేయకుండానే జనం నడిచిపోయే ఆయుధ స్కానర్లు చేస్తుంది, అక్కడి నాస్డాక్ స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. స్టేడియాలు, స్కూళ్లు కొన్నాయి. 2024 అక్టోబరులో, తమ గత లెక్కల్లో కొన్నిటిని నమ్మొద్దని కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది, షేరు కుప్పకూలింది, ఆ నెలలోనే సీఈఓ పదవి పోయింది. నవంబరులో, స్కానర్ల సామర్థ్యం గురించి తప్పుదోవ పట్టించేలా ప్రచారం చేశారని వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఆయుధాల భయం నిజమే, గిరాకీ నిజమే. షేరు కొన్నవాడి డబ్బు పోవడమూ నిజమే.

మరి ఈ చట్టంతో ఎవరికీ లాభం లేదా అంటే, ఉంది. నా అంచనాలో ముందు కదిలేది శిక్షణ. తర్వాత హాలంతటికీ ఒకేసారి వినిపించే పబ్లిక్ అడ్రస్ వ్యవస్థలు, ఒక్క బటన్‌తో తలుపులు మూసే లాక్‌డౌన్ ఏర్పాట్లు, పత్రాలు, ప్రాక్టీసు రికార్డులు దాచుకునే సాఫ్ట్‌వేర్. ఇవి మిలమిల మెరిసే వస్తువులు కావు, కానీ వీటిలో కొన్నిటికి ఏటా రెన్యూవల్ ఉంటుంది. ఒకసారి కెమెరా బిగించి వెళ్లిపోయే వ్యాపారానికీ, నెలనెలా డబ్బు వచ్చే మానిటరింగ్ ఒప్పందానికీ ఉన్న తేడా ఇన్వెస్టర్లకు నేను చెప్పక్కర్లేదు.

నా సొంత మూర్ఖత్వం కూడా చెప్పేస్తాను. 2021లో ప్రజాభిప్రాయ సేకరణ నడుస్తున్నప్పుడు, ఫీల్డులో ఉన్నవాణ్ణి నాకు తెలియదా అనుకుని చిన్న కంపెనీల షేర్లు నడిచే లండన్ ఎయిమ్ మార్కెట్‌లో ఒక చిన్న పరికరాల కంపెనీ షేర్లు కొన్నాను. వాళ్ల పరికరం మంచిదే, నేను చేత్తో పట్టుకుని చూశాను. చూడనిది వాళ్ల నగదు. చట్టం కోసం ఎదురుచూస్తూ జీతాలు కట్టడానికి డబ్బు అయిపోయింది. ధర తగ్గించి కొత్త షేర్లు జారీ చేశారు, మళ్లీ ఇంకోసారి. నా వాటా పల్చబడి పల్చబడి చివరికి పెట్టిన దానిలో మూడో వంతుకు అమ్ముకున్నాను. బిల్లు పార్లమెంటులో పెట్టిన రోజు మా ఆవిడ "మీరు చెప్పింది నిజమైందండీ" అంది. ఆ రోజు టీ కూడా సహించలేదు.

గృహప్రవేశంలో కలిసినాయన మళ్లీ ఫోన్ చేశారు. అబ్బాయి యూనివర్సిటీ ఫీజు డబ్బులట, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "అమ్మేయనా?" అన్నారు. ఆ మాట నేను చెప్పలేను. వార్షిక నివేదిక తెరిచి మూడు చూడమన్నాను: చేతిలో నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది, గత రెండేళ్లలో కొత్త షేర్లు ఎన్నిసార్లు జారీ చేశారు, "మార్టిన్స్ లా" అన్న మాట పక్కన సంతకమైన ఆర్డర్ అంకె ఏదైనా ఉందా. రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టారు. ఆ మాట పద్నాలుగు సార్లు వచ్చిందట, పక్కన అంకె ఒక్కచోట కూడా లేదట. ఫీజు కట్టాల్సింది సెప్టెంబరులో కాబట్టి ఆ మేరకు డబ్బు వెనక్కి తీసుకుంటానన్నారు, మిగతాది ఉంచుకుంటారట.