దవడ నుంచి చెవికి చేరిన ఎముకలు

చెవికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే దవడ కీలు కదలడం తెలుస్తుంది. అక్కడికి కొద్ది దూరంలోనే, కర్ణభేరికి లోపలివైపున, కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు ఉంటాయి. బల్లికి, మొసలికి, కోడికి ఆ చోట ఉండేది ఒకే ఎముక. మిగిలిన రెండూ క్షీరదాలకు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు మొదటి జవాబు దొరికింది శిలాజాల్లో కాదు, పంది పిండాల్లో.

పిండంలో కింది దవడ వెంట సాగే మృదులాస్థిని జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్ 1820లో వర్ణించాడు. 1837లో కార్ల్ రైషెర్ట్ పంది పిండాలను పరిశీలించి, ఆ మృదులాస్థి వెనుక కొసే కూటకంగా మారుతుందని, సరీసృపాల దవడ కీలులో కలిసే రెండు ఎముకలే క్షీరదాల్లో కూటకం, దాగలి అయ్యాయని తేల్చాడు. అంకవన్నె కథ ఇంకా పాతది. చేపల్లో దవడను పుర్రెకు ఆనించి నిలిపే ఎముకే దాని మూలం.

అయితే ఒక చిక్కు మిగిలింది. కీలులోని ఎముకలు చెవికి తరలిపోతుంటే, ఆ మధ్యకాలపు జంతువు దేనితో నమిలింది? వేల్స్‌లో దొరికిన, సుమారు 20 కోట్ల సంవత్సరాల నాటి మోర్గనుకోడాన్ ఇందుకు సమాధానం చెప్పింది. ఎలుకంత ఉండే ఈ జంతువు దవడకు పాత కీలు, కొత్త కీలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నమిలే భారం కొత్త కీలు మోయసాగింది కనుకనే పాత ఎముకలు చిన్నవై, కంపనాలను అందుకునే పనికి ఒదిగాయి. మన ప్రాణహిత-గోదావరి లోయలోని ‘కోట’ అనే పేరున్న శిలా పొరల్లోనూ జురాసిక్ కాలపు క్షీరదాలు దొరికాయి కానీ, అవి ప్రధానంగా విడి దంతాలే కావడంతో చెవి సంగతి వాటి నుంచి తెలియదు.

చైనాలో దొరికి 2007లో వెలుగుచూసిన యానోకోనోడాన్ అనే ప్రాచీన క్షీరదపు శిలాజంలో చెవి ఎముకలు చెవి ఎముకల రూపానికే వచ్చినా, గట్టిపడిన మెకెల్ మృదులాస్థి వాటిని ఇంకా దవడకు కట్టి ఉంచింది. కంగారూలాగే అపరిణత పిల్లలను కనే ఒపోసమ్ అనే అమెరికా జంతువు పిల్లలో ఆ దశను ఈనాటికీ చూడవచ్చు. తల్లి చనుమొనను పట్టుకుని వేలాడుతున్న తొలి రోజుల్లో దాని చెవి ఎముకలు దవడకే అంటుకుని ఉంటాయి. తర్వాత మధ్యనున్న మృదులాస్థి కరిగిపోయి అవి విడివడతాయి.