కోడిని చూసి నోరు మూసిన కుక్క

రాణి మా ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున. వేపచెట్టుకు కట్టిన తాడు చివర కూర్చుని, నాలుక బయటపెట్టి రొప్పుతూ ఉంది. అప్పుడే అమ్మ గంప ఎత్తింది. పెట్ట ఒకటి బయటికొచ్చి ఒళ్లు విదుల్చుకుని పెంటకుప్ప వైపు నడిచింది. రాణి మొరగలేదు, ఎగరలేదు. నోరు మూసుకుంది, అంతే. రొప్పడం ఆగింది, చెవులు ముందుకొచ్చాయి, తోక కదలడం మానేసింది, ముందుకాలు ఒకటి నేల మీంచి రెండంగుళాలు లేచి అక్కడే ఉండిపోయింది. చూసేవాళ్లకు ఎంత బుద్ధిగా ఉందో అనిపిస్తుంది. కానీ కోళ్లున్న ఇంట్లో భయపడాల్సింది ఈ నిశ్శబ్దానికే.

రాణి వీధికుక్క. పట్నంలో ఏదో బండి తగిలి వెనకకాలు విరిగితే, జంతువులను కాపాడేవాళ్లు తీసుకెళ్లి వైద్యం చేయించి, నయమయ్యాక ఎవరైనా పెంచుకుంటారా అని అడిగారు. చెవి అంచు కాస్త కత్తిరించి ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని అది గుర్తు. వయసు రెండేళ్లుంటుందని పళ్లు చూసి చెప్పారు. మా ఇంట్లో అప్పటికే రెండు గేదెలు, ఒక దూడ, నాలుగు మేకలు, పదిహేను దాకా నాటుకోళ్లు, ఒక పిల్లి ఉన్నాయి. "కుక్కతోక వంకరరా నాయనా, ఎన్నాళ్లని కట్టేస్తావు దాన్ని?" అంది అమ్మ. న్యాయమైన ప్రశ్నే.

వేట అనేది కుక్క మెదడులో ఒకే పని కాదు. పనిచేసే కుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికా జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ దాన్ని ఒక వరుసగా వివరించాడు: గమనించడం, కళ్లప్పగించి చూడటం, పొంచి దగ్గరవడం, తరమడం, పట్టి కరవడం, చంపేలా కరవడం, చీల్చడం, తినడం. తోడేలులో ఈ మెట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మనిషి తనకు కావలసినట్టు కుక్కలను ఎంచి పెంచుతూ ఒక్కో జాతిలో కొన్ని మెట్లను పెంచాడు, కొన్నిటిని అణిచాడు. గొర్రెలను మళ్లించే బోర్డర్ కోలీలో చూడటం, పొంచడం, తరమడం బాగా ముదిరి ఉంటాయి, చంపేలా కరిచే మెట్టు అణిగి ఉంటుంది. మందకు కాపలా ఉండే జాతుల్లో తరిమే మెట్టే సరిగ్గా మేలుకోదు. మన వీధికుక్కను మాత్రం ఎవరూ అలా ఎంచి పెంచలేదు కాబట్టి దేనిలో ఏ మెట్టు ఎంత బలంగా ఉందో ముందే చెప్పలేం, ఒకటి కోడిని నాలుగడుగులు తరిమి ఊరుకుంటుంది, ఇంకొకటి మెడ పట్టేదాకా ఆగదు. రాణి ఆ పొద్దున రెండో మెట్టు మీద నిలబడి ఉంది.

ఇందులో కోపం లేదు, అది బాగా గుర్తుపెట్టుకోవాలి. కొత్తమనిషిని చూసి గుర్రుమనే కుక్క 'దూరంగా పో' అని చెబుతోంది. వేటాడే కుక్క కోడికి ఏమీ చెప్పదు. అందుకే కోడిని తరిమిన కుక్కను పాపం చేసిందన్నట్టు కర్ర తీసుకుని బాదడం నాకు చాలా బాధగా ఉంటుంది. దెబ్బ తిన్న కుక్క నేర్చుకునేది, మనిషి ఎదుట ఉన్నప్పుడు కోడి జోలికి పోకూడదని మాత్రమే, మనిషి పొలం వెళ్లాక ఆ పాఠం పనిచేయదు. పైగా కోడి కనబడ్డప్పుడల్లా ఒంటికి నొప్పి తగిలితే కోడి అంటేనే టెన్షన్ మొదలవుతుంది, టెన్షన్‌లో ఉన్న కుక్క ఇంకా తొందరగా దూకుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, తరమడం కుక్కకు దానికదే బహుమానం. కోడి దొరకాల్సిన పని లేదు, ఆ పరుగే దానికి ఆనందం. రెక్కలు టపటపలాడిస్తూ, అరుస్తూ, వంకరటింకరగా పారిపోయే కోడి కంటే కుక్కను ఊరించేది ఇంకోటి లేదు. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు, కాబట్టి పచ్చగడ్డిలో కదలకుండా కూర్చున్న ఎర్రపెట్ట దానికి పెద్దగా ఆనదు, అదే పెట్ట పరుగు అందుకుందంటే ఇక వేరేదేమీ కనబడదు. ఒకసారి ఆ రుచి మరిగాక రెండోసారి ఆపడం కష్టం, పదోసారికి అసాధ్యం అనిపిస్తుంది. కాబట్టి కోళ్లున్న ఇంటికి కుక్కను తెచ్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఆ మొదటి తరుముడు జరగనివ్వకండి. మిగతా తప్పులు దిద్దుకోవచ్చు.

చాలామంది మోసపోయేది మొదటి రోజుల్లో. "వచ్చిన రోజు కోళ్ల పక్కనే పడుకుందండీ, కన్నెత్తి చూడలేదు, పదిరోజులయ్యాక రెండిటిని చంపేసింది" అంటారు. వచ్చిన రోజు అది సాధువు కాదు, బెదిరిపోయి ఉంది. అమెరికాలో ఆశ్రయ కేంద్రాలకు కొత్తగా వచ్చిన కుక్కల రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచినప్పుడు మొదటి 3 రోజులు అది బాగా ఎక్కువగా ఉండి, ఆ తర్వాత మెల్లగా తగ్గింది. కొత్త ఇల్లు కూడా దానికి అలాంటి చోటే. భయంతో ముడుచుకున్న జీవి వేట గురించి ఆలోచించదు. భయం తగ్గి, ఆకలి పుట్టి, నాలుగు దిక్కులు చూడటం మొదలుపెట్టాకే దాని అసలు స్వభావం బయటపడుతుంది. అందుకే రాణిని మొదటి మూడు రోజులూ కోళ్లు కనబడని వెనక వసారాలో ఉంచాం, పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడటం, మెడ కింద నిమరడం తప్ప ఏమీ చేయలేదు. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర సంస్థ పరిశోధకులు వీధికుక్కల మీద చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది, ముక్కూమొహం తెలియని మనిషి పదే పదే వచ్చినప్పుడు ఆ కుక్కలు తిండి కంటే నిమరడానికే ఎక్కువగా దగ్గరయ్యాయని అందులో తేలింది. బిస్కెట్ విసిరి కొనుక్కోవచ్చని మనం అనుకునే నమ్మకాన్ని అవి చేతి స్పర్శలో వెతుక్కుంటున్నాయన్నమాట.

ఇంకో విషయం వయసు. కుక్కపిల్లకు సుమారు 3 నుంచి 12 వారాల మధ్య ఒక కిటికీ తెరుచుకుని ఉంటుందని స్కాట్, ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1965 నాటికే వివరంగా చూపించారు, ఆ రోజుల్లో కలిసి మెలిగిన జీవులను అది తనవాళ్లుగా లెక్కేసుకుంటుంది. డార్విన్ 1833లో ఉరుగ్వేలో చూసింది ఇదే. మరీ చిన్నప్పుడే కుక్కపిల్లను తల్లి నుంచి విడదీసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రె పాలు తాగించి, గొర్రెల దొడ్లోనే ఉన్నితో గూడు కట్టి పెంచేవారట, పెద్దయ్యాక అది మనుషులు లేకుండానే మందను కాసేది. రెండేళ్ల రాణికి ఆ కిటికీ ఎప్పుడో మూసుకుపోయింది. కోడి దానికి చుట్టం కాలేదు. కానీ కోడి కనబడితే ఏం చేయాలో కొత్తగా నేర్చుకోగలదు, కుక్క మెదడు ఆ పని ముసలితనం దాకా చేస్తుంది.

మేం చేసింది కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. ఇరవై అడుగుల దూరం నుంచి మొదలుపెట్టాం. ఉడికించిన కార్జం ముక్కలు జేబులో పెట్టుకుని పక్కనే కూర్చునేవాణ్ని. రాణి కోడిని చూసిన క్షణంలో, నోరు మూతపడక ముందే పేరు పెట్టి పిలిచి, నా వైపు తిరిగితే ఒక ముక్క. నోరు మూతపడిందంటే ఆలస్యమైపోయినట్టే, అప్పుడు పిలిచినా వినబడదు, ఇంకో పదడుగులు వెనక్కి తీసుకెళ్లాలి. పూటకు పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు. రెండు వారాలకు కోడిని చూసి తనంతట తానే నా మొహం వైపు తిరగడం మొదలైంది. ఆ రోజు అమ్మ కూడా వసారాలోంచి చూసింది, ఏమీ అనలేదు గానీ ఆ పూట దాని అన్నంలో పెరుగు ఎక్కువ వేసింది.

కోళ్ల సంగతీ చూడాలి. కోడిపుంజు గద్దను చూసినప్పుడు ఒక కూత, నేల మీద నడిచొచ్చే శత్రువును చూసినప్పుడు వేరే కూత పెడుతుంది. మొదటిది వినగానే పెట్టలు నక్కుతాయి, రెండోది వినగానే మెడ నిక్కించి చుట్టూ చూస్తాయి. ఇది పరిశోధనల్లో తేలిన విషయమే, మీ పెరట్లోనే వినొచ్చు. రాణి కదిలినప్పుడల్లా మా పుంజు ఆ రెండో కూతతో గోల గోల చేసేది. మూడో వారంలో ఆ గోల తగ్గింది. కుక్క ఎంత కుదురుకుందో నాకంటే పుంజుకే బాగా తెలుసని నా నమ్మకం. గేదెల దగ్గర మాత్రం జాగ్రత్త మరోలా ఉంటుంది, ఈనిన కొత్తలో గేదె కుక్కను దగ్గరకు రానివ్వదు, ఒక్క కుమ్ముకు ప్రాణం పోతుంది.

ఆ ఈనే సమయంలోనే ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని మన పల్లెల్లో పట్టించుకోవడం తక్కువ. గేదె మాయ వేసినప్పుడు కుక్క దాన్ని లాక్కెళ్లి తింటుంది. నియోస్పోరా అనే సూక్ష్మజీవి ఆ దారిన కుక్కలోకి వెళ్లగలదు, తర్వాత కుక్క మలంలోంచి మేతలోకి, నీళ్లలోకి చేరుతుంది, చూడి పశువులు ఈసుకుపోవడానికి, అంటే కడుపు పోవడానికి, అదొక కారణం. మాయను లోతుగా పాతిపెట్టాలి, గడ్డివామి మీద, మేత మీద కుక్క మలం పడకుండా చూడాలి. అలాగే పండక్కి మేకను కోసినప్పుడు పచ్చి తలకాయ, ఊపిరితిత్తులు, పేగులు కుక్కకు విసిరేయకండి. వాటిలో బద్దెపురుగుల పిల్లదశ దాగున్న నీటితిత్తులుంటే అవి కుక్క పేగుల్లో పెద్ద పురుగులవుతాయి, ఆ పురుగుల గుడ్లు మలంతో గడ్డి మీదికి, గడ్డితో మేకల్లోకి, చేతులు కడుక్కోకపోతే పిల్లల కడుపులోకి కూడా వెళ్తాయి. ఒక రకం బద్దెపురుగు మేక మెదడులో తిత్తి కడుతుంది, అప్పుడు మేక తల వాల్చి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. బాగా ఉడికించి పెట్టండి, లేదా పాతెయ్యండి. పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం బద్దెపురుగుల మందు వేయండి. రేబిస్ టీకా సంగతి వేరే చెప్పక్కర్లేదు, ప్రతి ఏడూ వేయించాలి, కొత్త కుక్కకు ఇంటికొచ్చిన వారంలోనే.

ఆరు నెలలైంది. రాణి ఇప్పుడు పెంటకుప్ప పక్కనే నిద్రపోతుంది, పెట్టలు దాని తోక దాకా వచ్చి గింజలు ఏరుకుంటాయి. నిన్న పొద్దున పొదుగు పెట్ట పదకొండు పిల్లలతో దిగింది. అమ్మ గంప ఎత్తగానే ఆ చిన్న చిన్న పసుపు ముద్దలు కిచకిచమంటూ తలో దిక్కు పరుగెత్తాయి. రాణి లేచి నిలబడింది. నోరు మూసుకుంది. అమ్మ గంప మళ్లీ మూసేసింది, నేను వసారాలోకి వెళ్లి తాడు తెచ్చాను. మళ్లీ ఇరవై అడుగుల నుంచి.