ట్యాపెట్ చప్పుడు, ఇంజిన్ హెడ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ట్యాపెట్ చప్పుడు పూర్తిగా ఆగితేనే సెట్టింగ్ కుదిరినట్లు.

బండి తెచ్చేవారిలో ఎక్కువమంది చప్పుడు లేకుండా చేయమనే కోరతారు. గ్యాప్ ఎంత ఉందని అడిగేవారు అరుదు. వాల్వ్‌ను నొక్కి తెరిచే రాకర్ ఆర్మ్ స్క్రూకూ (దీన్నే ట్యాపెట్ అంటాం) వాల్వ్ కాడ కొసకూ నడుమ కొద్దిపాటి ఖాళీ, అంటే గ్యాప్, ఉండి తీరాలి. స్ప్లెండర్ వంటి 97.2 సీసీ ఇంజిన్‌లో అది మిల్లీమీటరులో చిన్న భాగమే. చప్పుడు అణచడానికి ఆ కాస్త ఖాళీనీ బిగించేస్తే వాల్వ్ తన సీటుపై పూర్తిగా కూర్చోలేదు. కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో అధిక భాగాన్ని సీటు ద్వారానే హెడ్‌కు (సిలిండర్ పై మూతకు) వదులుతుంది కనుక, ఆ దారి మూసుకుపోయినప్పుడు దాని అంచు కాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) పడిపోతుంది. పైగా సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరిగి గ్యాప్ దానంతటదే తగ్గుతుంది. ఇన్నాళ్లూ టిక్కుటిక్కుమన్న ఇంజిన్ ఎవరూ ముట్టుకోకుండానే నిశ్శబ్దమైతే వెంటనే ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలను కొలిచే రేకులు) పెట్టి చూడాలి. మరీ వదులు కూడా మంచిది కాదు గానీ, దాని నష్టం చెవికి వినిపిస్తుంది.

అపోహ: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే ట్యాపెట్లు సర్దాలి.

మన బండ్ల మాన్యువల్‌లో సాధారణంగా ఇచ్చేది చల్లని ఇంజిన్ కొలత. హోండా మాన్యువళ్లు 35 డిగ్రీల సెల్సియస్‌కు లోబడి ఉండాలంటాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నపు గాలే ఆ హద్దు దాటుతుంది కాబట్టి, రాత్రంతా నిలిపిన బండిని తెల్లవారుజామున విప్పడం మేలు. పిస్టన్ పైకొసకు చేరిందని చూపే ఫ్లైవీల్‌పై 'టి' గుర్తు ప్రతి చుట్టుకూ ఎదురుపడుతుంది, కానీ రెండు చుట్లకొక్కసారే అది కంప్రెషన్ స్ట్రోక్ (రెండు వాల్వులూ మూసి ఉండే దశ), గ్యాప్ కొలవాల్సింది అప్పుడే. రెండు రాకర్లూ వేలికి కొద్దిగా కదిలితేనే సరైన చోట ఉన్నట్లు. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది గనుక, బిగించాక మరోసారి కొలవాలి.

అపోహ: బుల్లెట్ ట్యాపెట్లను ప్రతి సర్వీసులోనూ సర్దాలి.

యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) ఇంజిన్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు, అంటే ఆయిల్ ఒత్తిడితో ఖాళీని తామే సర్దుకునేవి, ఉంటాయి. వాటికి ఈ సెట్టింగే లేదు. పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్‌కు మాత్రం అవసరం.

అపోహ: పొగ వస్తే బోర్ చేయించక (సిలిండర్ లోపలి గోడను లేత్‌పై చెక్కించక) తప్పదు.

ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే, ముందుగా అనుమానించవలసింది వాల్వ్ ఆయిల్ సీళ్లను (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి). యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ పొగ వస్తూంటే పిస్టన్ రింగులను అనుమానించాలి. సందేహముంటే, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలిచి, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగితే లోపం రింగుల్లోనో బోర్‌లోనో ఉంది. పెద్దగా మారకపోతే వాల్వులనూ హెడ్ ప్యాకింగ్‌నూ (హెడ్‌కూ సిలిండర్‌కూ నడుమ వేసే పొరను) చూడాలి. ఈ పరీక్ష చేయకుండా సిలిండర్‌ను లేత్ షాపుకు పంపడం డబ్బు దండగ.

అపోహ: చిరగని హెడ్ ప్యాకింగ్‌ను మళ్లీ వాడవచ్చు.

వాడకూడదు. ఒకసారి నలిగిన ప్యాకింగ్ రెండోసారి నమ్మకంగా సీల్ కాదు. కొత్తది వేశాక హెడ్ నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన మేరకే బిగించాలి.