గంజాయి స్టాక్ రికార్డులు కొత్త సిస్టమ్‌కి మార్చడం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న గంజాయి దుకాణాలు, తోటల స్టాక్ రికార్డులను సరిచేసి ప్రభుత్వ ట్రాకింగ్ సిస్టమ్‌లోకి ఎక్కించడం నా పని. ఇక్కడ 2014 జులైలో దుకాణాలు తెరిచినప్పుడు బయోట్రాక్ అనే సిస్టమ్ ఉండేది. 2018 ఫిబ్రవరిలో లీఫ్ డేటా సిస్టమ్స్ వచ్చింది. 2021 డిసెంబరులో దాన్ని కూడా తీసేసి సీసీఆర్‌ఎస్ పెట్టారు. పదేళ్లు నిండకముందే రెండు మార్పులు. ఆ రెండుసార్లూ దుకాణాల వెనక గదుల్లో కాటా పక్కన కూర్చుని రాత్రుళ్లు గడిపాను. వేరే రాష్ట్రాల్లో ఇదే పని మొదలుపెడుతున్న మనవాళ్లు ఫోన్ చేసినప్పుడు అవే మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గంజాయి అంటే గంజాయే. దీనికి రికార్డులేంటి?

మన ఊళ్లో ఈ మాట చెబితే మా పెద్దమ్మ ఇప్పటికీ నోరు నొక్కుకుంటుంది. ఆమె తప్పేం లేదు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అది నేరం. విశాఖ ఏజెన్సీ పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ దాదాపు గంజాయి పట్టుబడిందనే వింటాం.

వాషింగ్టన్‌లో 2012 నవంబరులో ఐ-502 అనే ప్రతిపాదనను ఓటర్లు గెలిపించారు. 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ ఉన్న దుకాణంలో కొనుక్కోవచ్చు. దుకాణంలో 37 శాతం ఎక్సైజ్ పన్ను పడుతుంది. దీనికి బదులుగా ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది: సరుకు పిల్లల చేతికి వెళ్లదు, పక్క రాష్ట్రానికి జారిపోదు, దొంగ వ్యాపారుల సరుకు దుకాణంలోకి రాదు. ఆ మాట నిలబెట్టేది రికార్డే. మొక్క నుంచి కోతకి, కోత నుంచి లాట్‌కి (కలిపి ఒకటిగా లెక్కపెట్టే సరుకు), లాట్ నుంచి ల్యాబ్‌కి, అక్కడి నుంచి ప్యాకెట్‌కి, ప్యాకెట్ నుంచి బిల్లుకి ఒకే గొలుసు. అందులో ఒక్క లంకె తెగినా, ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: రాష్ట్రంలో చట్టబద్ధం కదా, వీసా మీద ఉన్నవాళ్లు కూడా ఈ ప్రాజెక్ట్ చేయొచ్చు.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. డేటా మైగ్రేషన్, అంటే ఒక సిస్టమ్‌లోని డేటాని ఇంకోదానికి మార్చడం, మనవాళ్లకి కొట్టిన పిండి. కన్సల్టెన్సీ వాళ్లు "రిటైల్ ఇన్వెంటరీ ప్రాజెక్ట్" అని చెప్పి పంపితే, క్లయింట్ ఎవరో జాయిన్ అయ్యాకే తెలుస్తుంది.

1970 నాటి ఫెడరల్ చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది, రాష్ట్ర చట్టం అక్కడ అక్కరకు రాదు. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వం, గ్రీన్ కార్డ్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ ఈ విషయం స్పష్టంగా రాసింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పనులు పౌరసత్వం దరఖాస్తులో "సత్ప్రవర్తన" నిరూపణకు అడ్డు కావచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. నేను కోడ్ మాత్రమే రాశాను, ఆకు ముట్టుకోలేదు అంటే సరిపోతుందని నమ్మి సంతకం పెట్టొద్దు. నేను పౌరసత్వం వచ్చాకే ఈ రంగంలోకి వచ్చాను. ఎవరైనా ఈ ఉద్యోగం గురించి అడిగితే నా మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, ఇమిగ్రేషన్ స్టేటస్ గురించి. తర్వాత ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమంటాను. పిల్లల చదువులు, ఇంటి లోన్, ఇన్నేళ్ల ఎదురుచూపు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అపోహ: పాత సిస్టమ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేస్తే పని అయిపోతుంది.

నన్ను ఎక్కువ ఏడిపించిన అపోహ ఇదే. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను.

బయోట్రాక్ కాలంలో వాషింగ్టన్‌లో ప్రతి ప్యాకెట్‌కీ 16 అంకెల గుర్తింపు నంబరు ఉండేది. 2017 అక్టోబరు చివర ఆ సిస్టమ్ ఆగిపోయింది. నవంబరులో రావాల్సిన కొత్తది ఫిబ్రవరి దాకా రాలేదు. మధ్యలో ఆ మూడు నెలలూ రాష్ట్రం మొత్తం స్ప్రెడ్‌షీట్ల మీదే నడిచింది. ఆ రోజుల్లో ఒక చిన్న దుకాణం స్టాక్ ఫైల్‌ని నేను తెరిచి, రెండు కాలమ్‌లు సరిచేసి, సేవ్ చేశాను. వరుసల సంఖ్య సరిపోయింది. మొత్తం గ్రాములు సరిపోయాయి. నిశ్చింతగా ఇంటికి వెళ్లి పడుకున్నాను.

మర్నాడు పొద్దున దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒక ప్యాకెట్ స్కాన్ చేసింది. "దొరకలేదు" అని వచ్చింది. ఇంకోటి చేసింది, అదీ లేదు. ప్యాకెట్ నా చేతిలోకి తీసుకుని లేబుల్ మీద నంబరు ఒక్కో అంకే చదువుతూ స్క్రీన్‌తో పోల్చాను. పదిహేను అంకెలు ఒకటే. లేబుల్ మీద చివరి అంకె 7. స్క్రీన్ మీద 0. పక్క ప్యాకెట్‌కి చివర 3, స్క్రీన్ మీద మళ్లీ 0. కాలమ్ కిందిదాకా చూస్తే అన్నీ సున్నాలే.

జరిగింది ఇది. స్ప్రెడ్‌షీట్ ఆ నంబరుని పేరులా కాక ఒక సంఖ్యలా చూసింది. సంఖ్య అయితే 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, పదహారో అంకెను సున్నా చేస్తుంది. ఈ నంబర్లు వరుసగా ఇస్తారు కాబట్టి, పక్కపక్కనే ఉన్న పది వేర్వేరు ప్యాకెట్లు ఒకే నంబరు కిందికి వచ్చేశాయి. వేర్వేరు లాట్లు, వేర్వేరు ల్యాబ్ రిపోర్టులు అన్నీ కలిసిపోయాయి. మొత్తాలు సరిపోయాయి కాబట్టి నా చెకింగ్‌లో ఇది దొరకలేదు. ముట్టుకోని అసలు ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోవడం వల్ల బతికిపోయాను.

ఆ రోజు నుంచి మూడు పద్ధతులు ఎప్పుడూ తప్పలేదు. అసలు ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేసి, ఎప్పుడూ కాపీ మీదే పనిచేస్తాను. గుర్తింపు నంబర్ల కాలమ్‌ని ఫైల్ తెరిచేటప్పుడే టెక్స్ట్‌గా తీసుకుంటాను. ఎక్కించాక షెల్ఫ్ నుంచి ప్యాకెట్లు తీసి చేత్తో స్కాన్ చేస్తాను. వరుసలు లెక్కపెట్టడం అయ్యాక కూడా ఇది చేయాల్సిందే.

తేదీల సంగతి కూడా ఇలాంటిదే. హైదరాబాద్‌లో కూర్చుని ఈ ఫైళ్లు సరిచేసే టీమ్‌ల కంప్యూటర్లలో తేదీ ముందు, నెల తర్వాత ఉంటుంది. ఇక్కడ నెల ముందు. 03/07 అంటే మనకి జులై 3, ఇక్కడ మార్చి 7. 12 దాటిన తేదీలే తప్పుగా బయటపడతాయి, మిగతావి చప్పుడు చేయకుండా తిరగబడి లోపలికి వెళ్లిపోతాయి. కోత జరగకముందే ల్యాబ్ పరీక్ష జరిగినట్టు చూపించే రికార్డులు నేను చూశాను, కారణం ఇదే. ఇంకోటి టైమ్. పాత డేటాబేస్ టైమ్‌ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం) దాచుకుని ఉంటే, సియాటిల్‌లో సాయంత్రం ఆరుకి అమ్మిన సరుకు మర్నాటి ఖాతాలో పడుతుంది. రోజువారీ మొత్తాలు ఏ రోజూ సరిపోవు.

సీసీఆర్‌ఎస్‌లో ఇంకో ముఖ్యమైన విషయం వరుస. అందులోకి అన్నీ సీఎస్‌వీ ఫైళ్ల (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టికలు) రూపంలోనే వెళ్తాయి. ముందు మొక్కల రకాలు, స్థలాలు, ఉత్పత్తుల ఫైళ్లు వెళ్లాలి. ఆ తర్వాతే మొక్కలు, స్టాక్. ఆ తర్వాతే అమ్మకాలు. పునాది లేకుండా గోడ కట్టినట్టు అమ్మకాల ఫైల్ ముందు పంపితే తిరిగొస్తుంది.

అపోహ: పాత సిస్టమ్‌లో ఉన్న అంకే నిజం.

గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తెచ్చిన రైతుని అడగండి, తరుగు అంటే ఏంటో చెబుతాడు. కళ్లంలో తూకం వేరు, యార్డు కాటా మీద తూకం వేరు. గంజాయి కూడా అంతే. పచ్చి పువ్వు ఎండేసరికి బరువులో ముప్పాతిక వంతు పోతుంది. ఎండాక జార్‌లో ఉన్నా, మూత తీసిన ప్రతిసారీ ఇంకొంచెం తగ్గుతుంది. మూడు నెలల కింద ఎక్కించిన బరువుని అలాగే కొత్త సిస్టమ్‌లోకి తెస్తే, లేని సరుకుని ఉన్నట్టు రాసినట్టే. దానికి కొలతల గొడవ తోడవుతుంది. ఔన్సు అంటే 28.35 గ్రాములు. ఒకచోట 28 అని, ఇంకోచోట 28.35 అని రాసుకుంటే వంద ఔన్సుల దగ్గర 35 గ్రాముల తేడా వస్తుంది. ఎవరూ దొంగతనం చేయలేదు, కానీ కాగితం మీద సరుకు మాయమైంది.

మన పాత కిరాణా కొట్లలో చిట్టా రాసే పెద్దవాళ్లు కొత్త పుస్తకం మొదలుపెట్టేముందు కొట్టులోని సరుకంతా తూచి, ప్రారంభ నిల్వ వేసేవారు. నేను చేసేదీ అదే. మార్పుకి ముందు రాత్రి అమ్మకాలు ఆపించి, ఇద్దరు మనుషులతో లెక్క వేయిస్తాను. ఒకరు తూచి చెబుతారు, ఇంకొకరు రాస్తారు. రాసేవాళ్లకి పాత అంకె చూపించను. చూపిస్తే కళ్లు ఆ అంకె వైపే పోతాయి.

అపోహ: చిన్న తేడాలు ఎవరూ చూడరు, ఇంపోర్ట్‌లో సర్దేస్తే సరి.

వద్దు. తేడా ఎంత చిన్నదైనా పాత సిస్టమ్‌లోనే కారణం రాసి సర్దుబాటు చేసి, అప్పుడు ముగింపు నిల్వ తీసుకోండి. తరుగైతే తరుగు, పగిలిపోతే పగిలింది, తెలియకపోతే తెలియదనే రాయండి. కారణం రాసిన నాలుగు గ్రాముల తేడాకి జవాబు ఉంటుంది. దాచిన నాలుగు గ్రాములకి ఉండదు. తర్వాత ఎప్పుడైనా తనిఖీకి వచ్చినవాళ్లు ముందు చూసేది పాత ముగింపు నిల్వ, కొత్త ప్రారంభ నిల్వ కలిశాయా లేదా అనే.

అపోహ: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకుంటారు.

సాయం చేస్తారు. కానీ లైసెన్స్ మీ పేరు మీద ఉంది. ఫైల్ వెళ్లకపోయినా, తప్పు వెళ్లినా నోటీసు వచ్చేది మీకే. అప్‌లోడ్ చేశాక వచ్చే ఎర్రర్ మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌కి వెళ్తుందో ఈ రోజే కనుక్కోండి.

అపోహ: ఒక రాష్ట్రంలో చేసినవాళ్లు ఎక్కడైనా చేసేస్తారు.

కొలరాడో, కాలిఫోర్నియా, ఒరెగన్ లాంటి చోట్ల మెట్రక్ అనే ట్రాకింగ్ సిస్టమ్ ఉంది. అక్కడ 24 అక్షరాల నంబరు ఉన్న ట్యాగ్ మొక్కకీ ప్యాకెట్‌కీ కట్టాలి. ఒకసారి వాడిన ట్యాగ్ మళ్లీ పనికిరాదు. వాషింగ్టన్‌లో ప్రభుత్వ ట్యాగ్ లేదు, మన నంబరు మనమే ఇచ్చుకుని ఫైల్‌లో పంపుతాం. ట్యాగ్‌లున్న రాష్ట్రానికి మారేటప్పుడు కంప్యూటర్ పని కంటే చేతి పని ఎక్కువ. పూతకొచ్చిన మొక్కల మధ్య వేడిలో నిలబడి, ఒక్కోదానికి ట్యాగ్ కట్టి, ఆ నంబరునే స్క్రీన్ మీద అదే మొక్కకి చూపించాలి. దీనికి ఎన్ని రోజులు పడుతుందో తోటలో పనిచేసేవాళ్లనే అడగండి. ఆఫీసులో అడిగితే సగమే చెబుతారు.

అపోహ: కొత్త సిస్టమ్ నడుస్తోంది కదా, పాతదాంతో పనిలేదు.

వాషింగ్టన్‌లోని ఒకానగన్ కౌంటీ ఒకప్పుడు యాపిల్ తోటల సీమ. ఆ తోటల్లో డీడీటీ చల్లేవారు. అమెరికాలో 1972లో దాన్ని నిషేధించారు. కానీ అది విరిగి ఏర్పడే డీడీఈ మట్టిలో అలాగే ఉండిపోయింది. 2023 ఏప్రిల్‌లో బ్రూస్టర్ దగ్గర కొన్ని తోటల గంజాయి ఉత్పత్తుల్లో అది బయటపడింది. గంజాయి లైసెన్సులు చూసే రాష్ట్ర సంస్థ లిక్కర్ అండ్ కానబిస్ బోర్డు ఆ లైసెన్సుల సరుకుని ఆపేసింది. యాభై ఏళ్ల కిందటి మందు ఇప్పుడు ప్యాకెట్‌లో కనిపించింది.

అలాంటి రోజు దుకాణానికి ఫోన్ వచ్చినప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ తోట నుంచి వచ్చిన సరుకు మీ దగ్గర ఎంత ఉంది, ఎంత అమ్మారు? ఆ సరుకు మార్పుకి ముందు వచ్చినదైతే జవాబు పాత నంబర్లలో ఉంటుంది. పాత సిస్టమ్ లాగిన్ ఎప్పుడో మూతపడి ఉంటుంది. కాలిఫోర్నియాలో రికార్డులు కనీసం 7 ఏళ్లు ఉంచాలని చట్టమే చెబుతోంది. ఏ సిస్టమ్ కంపెనీ మన కోసం అంతకాలం తలుపు తెరిచి ఉంచదు.

అందుకని ప్రతి మార్పు చివర నేను ఒక ఫైల్ తయారు చేస్తాను. ఎడమవైపు పాత నంబరు, కుడివైపు కొత్త నంబరు, పక్కన లాట్, ల్యాబ్ రిపోర్ట్ నంబరు, మార్పు రాత్రి తూచిన బరువు, తూచినవాళ్ల పేరు. ఒక కాపీ కంప్యూటర్‌లో ఉంటుంది, ఒక కాపీ ప్రింట్ తీసి దుకాణం యజమాని చేతికి ఇస్తాను. మొన్న ఒకాయన ఆ కాగితాల కట్టని లాకర్‌లో, లైసెన్స్ పక్కనే పెట్టుకున్నాడు.