డబ్బు కట్టి వేయించుకున్న పేపర్‌తో రోబోటిక్స్‌లో సీటు రాదు

అప్లికేషన్ల సీజన్ మొదలైతే చాలు, మా ల్యాబ్‌కు ఒకే రకం మెయిళ్లు వస్తాయి. "మేడమ్, నాకు రెండు ఇంటర్నేషనల్ జర్నల్ పేపర్లున్నాయి, పీహెచ్‌డీకి సరిపోతాయా?" తెరిచి చూస్తే నేనెన్నడూ వినని జర్నల్. వారంలో యాక్సెప్టెన్స్, కలర్ సర్టిఫికెట్.

అపోహ: పేపరుంటే చాలు, ఎక్కడ వచ్చిందో ఎవరూ చూడరు.

వాస్తవం: ముందు చూసేదే అది. మా రంగంలో మంచి పని చాలావరకు కాన్ఫరెన్సుల్లోనే వస్తుంది. రోబోటిక్స్‌కు ఇక్రా, ఐరోస్, ఆర్‌ఎస్‌ఎస్ (రోబోటిక్స్: సైన్స్ అండ్ సిస్టమ్స్), కోర్ల్. ఏఐకి న్యూరిప్స్, ఐసీఎంఎల్, ఐసీఎల్‌ఆర్. ఇక్రాకు సెప్టెంబరులో పంపితే మామూలుగా జనవరి దాకా జవాబు రాదు. పంపడానికి ఫీజు లేదు, యాక్సెప్ట్ అయ్యాకే రిజిస్ట్రేషన్ కట్టాలి. ఫీజు తీసుకునే జర్నళ్లన్నీ మోసమని కాదు, అక్కడ రివ్యూ, అంటే అదే రంగం నిపుణులు పేపర్‌ను పరీక్షించడం, నిజంగా జరుగుతుందా లేదా అన్నదే తేడా. ఐసీఎల్‌ఆర్ రివ్యూలు ఓపెన్‌రివ్యూ సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. ఓ గంట కూర్చుని చదవండి. ఫలానా భాగం తీసేస్తే ఫలితం ఎంత పడిపోయింది, వేరే డేటా మీద నడిపి చూశారా అని ఎలా నిలదీస్తారో తెలుస్తుంది. ఏడు రోజుల్లో అచ్చేసేవాడు ఇవేవీ అడగడు.

గుంటూరు వైపు నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. "పేపర్ లేకపోతే సీటు రాదంటున్నారమ్మా, నిజమేనా?" అప్పటికే చిట్టీ పాడి, కూతురి పేరుతో పేపర్ వేయించడానికి కన్సల్టెన్సీకి డబ్బు కట్టేశారు. ఆయన తప్పేం లేదు. తెలియని చోట పిల్ల ఎక్కడ వెనకబడిపోతుందోనన్న భయం. ఆ భయాన్నే అమ్ముకుంటున్నారు, నా కోపమంతా వాళ్ల మీదే.

తర్వాత ఆ అమ్మాయి ఇంటర్వ్యూకొచ్చింది. పేపర్లో రాసిన 98 శాతం ఫలితం ఏ డేటా మీద వచ్చిందని అడిగితే నోరు పెగల్లేదు. కాలేజీ ప్రాజెక్టు గురించి అడిగాం. వాళ్ల చిన్న రోబో ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్) చూపించినంత దూరం వెళ్లడం లేదట. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, టేపుతో కొలిచి, నున్నటి గ్రానైట్ మీద చక్రాలు జారుతున్నాయని, గరుకు సిమెంటు మీద తేడా తగ్గుతోందని పట్టుకుంది. ఆ కొలతల నోట్‌బుక్ కూడా తెచ్చింది. మేం సీటిచ్చింది ఆ నోట్‌బుక్ చూసే.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను.

పీహెచ్‌డీకి లోన్ కావాలా? మన దగ్గర జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. అమెరికాలోనూ ఈ రంగంలో పీహెచ్‌డీ వాళ్లకు సాధారణంగా ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్), టీఏ (టీచింగ్ అసిస్టెంట్) రూపంలో ఫీజు, స్టైపెండ్ వస్తాయి. ఫండింగ్ లేని ఆఫర్‌కు తొందరపడి ఒప్పుకోకండి.

ఖరీదైన రోబో ఉండాలా? రోబోల సాఫ్ట్‌వేర్ రాస్, కంప్యూటర్‌లోనే రోబోను నడిపి చూసే సిమ్యులేటర్ గజీబో ఉచితం. 2022 నుంచి ముజోకో అనే మరో సిమ్యులేటర్ కూడా ఓపెన్ సోర్సే.

సీఎస్‌ఈ కాకపోతే కష్టమా? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది సివిల్. 1979లో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

ఇంకా డబ్బు కట్టకపోతే ఆగిపోండి. ఇప్పటికే కట్టేసి ఉంటే టెన్షన్ పడకండి, ఆ పేపర్‌ను రెజ్యూమేలోంచి తీసేయండి. మీ చేతులతో చేసిన ప్రాజెక్టు కోడ్, అది ఎక్కడ ఫెయిలైందో చూపించే వీడియో గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు పంపండి.