వేడి ఎక్కడ ఆగింది?

ఫ్రిజ్ సరిగా పనిచేయడం లేదన్న సంగతిని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టేది పెరుగు. రాత్రి తోడుకున్న గిన్నెను లోపల పెడితే మరునాటికే పుల్లబడుతుంది. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా నాలుగైదు డిగ్రీల దగ్గర దాదాపు స్తంభించిపోతుంది. పన్నెండు, పదిహేను డిగ్రీలకు చేరిందంటే మెల్లగా మళ్లీ పని మొదలుపెడుతుంది.

అనంతపురంలో మా మేనత్త ఇంట్లో మే నెలలో జరిగింది ఇదే. నేను వెళ్లేసరికి మెకానిక్ చూసి వెళ్లాడు. "గ్యాస్ అయిపోయిందట నాయనా, మళ్లీ నింపించాలట" అంది అత్త. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. ఫ్రిజ్‌లోని గ్యాస్ వంటగ్యాస్‌లా ఖర్చయ్యేది కాదు. నాలుగు వైపులా అతికి మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. చిల్లు వెతకకుండా నింపించిన డబ్బు ఆ చిల్లులోంచే పోతుంది.

అత్త ఇంటి వరండాలో, ఇసుక కుప్ప మీద ఒక నీళ్ల కుండ ఉంది. ఫ్రిజ్‌ను అర్థం చేసుకోవడానికి దానికి మించిన పాఠం నాకు తెలియదు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి పడుతుంది (జౌలు అంటే వేడిని కొలిచే ప్రమాణం). అదే గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే 4.2 జౌళ్లు తీసేస్తే చాలు. అంటే ఒక్క గ్రాము నీరు ఎగిరిపోతే అర కిలోకు పైగా నీరు ఒక డిగ్రీ చల్లబడుతుంది! సీమ గాలి పొడిగాలి కనుక ఇక్కడి కుండ బాగా చల్లబడుతుంది. బందరు ఉక్కపోతలో అదే కుండ అంత చలవనివ్వదు.

ఫ్రిజ్ చేసేదీ ఈ పనే. నీటికి బదులు ఐసోబ్యూటేన్‌ను వాడుతుంది. కొత్త ఫ్రిజ్‌ల వెనక అంటించిన కాగితం మీద 'ఆర్-600ఏ' అని కనిపించేది అదే, సిగరెట్ లైటర్‌లోని ఇంధనానికి దగ్గరి చుట్టం. మామూలు వాతావరణ పీడనం దగ్గర మైనస్ 12 డిగ్రీల్లోనే మరిగిపోతుంది. ఫ్రీజర్ చుట్టూ ఉన్న గొట్టాల్లో అది మరుగుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కుండ తన ఆవిరిని గాలికి వదిలేస్తుంది, ఫ్రిజ్ వదలదు. కంప్రెసర్ ఆ ఆవిరిని పట్టి నొక్కి, గది గాలి కంటే వేడెక్కించి, వెనక ఉన్న నల్లని జాలిలోకి పంపుతుంది. జాలి బయటికి కనిపించని మోడళ్లలో ఆ గొట్టాలు పక్క గోడల్లో దాగి ఉంటాయి, అందుకే అక్కడ చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. ఆ వేడిని గదికి ఇచ్చేసి గ్యాస్ తిరిగి ద్రవమవుతుంది. ఒక సన్నని నాళం గుండా దూరి, పీడనం తగ్గి, మళ్లీ ఫ్రీజర్ దగ్గరికి చేరుతుంది.

కాబట్టి ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. అది చల్లబడనప్పుడు మొదట వెతకవలసింది వేడి ఏ మలుపులో ఆగిందన్నది.

అత్త ఇంట్లో అది వెనకనే ఆగింది. వంటగదిలో కడప బండలతో అలమరలు కట్టించినప్పుడు ఫ్రిజ్‌కు కూడా కొలిచి ఒక గూడు కట్టించారు. మూడు వైపులా గోడ, నెత్తిన బండ, వెనక బెత్తెడు ఖాళీ కూడా లేదు. చూడడానికి ముచ్చటగా ఉంది. కానీ జాలి విడిచిన వేడి పోవడానికి దారి లేక అక్కడే కూర్చుంటుంది. వేడి తనంతట తాను వేడి చోటి నుంచి చల్లని చోటికే వెళుతుంది కనుక, గూట్లో గాలి ఎంత కాగితే జాలి అంతకు మించి కాగాలి, కంప్రెసర్ అంత ఎక్కువ నొక్కాలి. దానికి తోడు జాలి నిండా నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. వేడి దేశాల కోసం చేసే 'టి' తరగతి ఫ్రిజ్‌ల ప్రమాణం చుట్టూ ఉన్న గాలి 43 డిగ్రీలు ఉండేంత వరకే. మధ్యాహ్నం మిద్దె కాగి వంటగదే 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఆ గూట్లోని వేడి ఆ హద్దును ఎప్పుడో దాటి ఉంటుంది.

లోపలికి వచ్చే వేడి సంగతీ తక్కువది కాదు. లోపల 4 డిగ్రీలు, బయట 28 ఉన్న జనవరిలో తేడా 24. బయట 42 అయితే తేడా 38. గోడల గుండా చొరబడే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది, అంటే ఒకటిన్నర రెట్లకు పైగా.

ప్లగ్ తీసి, ఫ్రిజ్‌ను వరండా వైపు గోడకు మార్చి, వెనక జానెడు ఖాళీ వదిలాం. జాలిని మెత్తని బ్రష్‌తో దులిపాం. మరునాడు ఉదయం లోపలి గ్లాసు నీళ్లలో పెట్టిన థర్మామీటర్ 5 డిగ్రీలు చూపింది. ఏ ఇంట్లో అయినా ఇలా నీళ్లలో రాత్రంతా ఉంచి చూడాలి. తలుపు తీసిన క్షణంలో గాలి వేడి మారిపోతుంది, నీళ్లది మారదు.

ఇక రెండో అనుమానం వోల్టేజీ. సాయంత్రం వీధంతా మోటార్లు, కూలర్లు తిరిగే వేళ 230 వోల్టులు 180కి పడిపోతే, కంప్రెసర్ మోటారు తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి తగ్గి 61 శాతానికి దిగుతుంది. అది కదలలేక వేడెక్కుతుంది, రక్షణ స్విచ్ కరెంటు తెంచేస్తుంది. కొన్ని నిమిషాలకోసారి టక్కుమని శబ్దం వచ్చి మళ్లీ నిశ్శబ్దమైతే ఇదే అనుమానించాలి, లేదా మోటారును మొదలుపెట్టించే స్విచ్, అంటే రిలే, పాడై ఉండాలి. ముందు వోల్టేజీ కొలిపించండి.

తలుపు రబ్బరును పరీక్షించడం తేలిక. ఒక కాగితాన్ని మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. దూరిన గాలిలోని తేమే ఫ్రీజర్ మీద మంచుగా పేరుకుంటుంది. మంచుగడ్డ కంటే ఫ్రీజర్ అల్యూమినియం గోడ దాదాపు నూరు రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. కాబట్టి అంగుళం మందాన మంచు పట్టిన ఫ్రీజర్ దుప్పటి కప్పుకున్నట్టే. దాన్ని కరగనివ్వండి, కత్తితో మాత్రం గీకకండి. నిజంగా గ్యాస్ కారిపోయిన ఫ్రీజర్లలో కత్తిగాట్లు నా కళ్లతో చూశాను, ఆ ఒక్క పొరపాటుకు ఫ్రిజ్ మొత్తం పోయిన ఇళ్లున్నాయి. రెండు తలుపుల ఫ్రిజ్‌లో పైన ఐస్ గట్టిగా ఉండి కింద కూరగాయలు వాడిపోతుంటే గ్యాస్ జోలికే పోనక్కరలేదు. చల్లగాలి దిగే రంధ్రాలకు పిండిగిన్నె అడ్డమై ఉంటుంది, లేదా లోపలి ఫ్యాను ఆగి ఉంటుంది, లేదా మంచు కరిగించే హీటరు కాలి ఉంటుంది.

నిజమైన లీకు గుర్తులు వేరు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, జాలి మాత్రం గోరువెచ్చగానైనా ఉండదు, ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పడుతుంది. అప్పుడు మెకానిక్ కావలసిందే. చిల్లు ఎక్కడో చూపించమని అడగండి. ఐసోబ్యూటేన్ మండే వాయువు కనుక అతుకు వేసే ముందు గొట్టాల్లో మిగిలిందంతా బయటికి వదిలించి, కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పాలి. గ్యాస్‌ను అందాజాగా కాకుండా, ఫ్రిజ్ వెనక కాగితం మీద రాసి ఉన్న గ్రాములకు తూచి ఎక్కించాలి. అంతకుముందు వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను పూర్తిగా లాగేయాలి. లాగకపోతే మిగిలిన తేమ చుక్క ఆ సన్నని నాళం కొసన గడ్డకట్టి దారి మూసేస్తుంది. వారం తిరక్కుండానే పెరుగు మళ్లీ పులుస్తుంది.