ఫారం వచ్చిందంటే తనిఖీ బృందం వస్తున్నట్టే

ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఏడాదంతా పుట్టినరోజు శుభాకాంక్షలే. ఉన్నట్టుండి ఒకరోజు గూగుల్ ఫారం లింకు పడుతుంది: ‘రేపటిలోగా నింపగలరు’. తనిఖీ బృందం వస్తోందని పాత బ్యాచ్‌ల వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ హడావుడి వెనక కథ సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 1994లో ఏర్పాటు చేసిన ఎన్‌బీఏతో, అంటే కోర్సుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థతో మొదలవుతుంది. 2014 జూన్‌లో ఎన్‌బీఏ ద్వారా భారత్‌కు, ఇంజనీరింగ్ డిగ్రీల గుర్తింపును దేశాలు పరస్పరం అంగీకరించే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం దక్కింది. ల్యాబులెన్ని, అధ్యాపకులెందరు అన్న లెక్కలతో సరిపెట్టుకునే కాలం పోయి, చదివి వెళ్లినవారు నాలుగైదేళ్లకు ఏ స్థితిలో ఉన్నారన్నదీ చూపించాల్సి వచ్చింది. దానికి ఒక ఆధారం పూర్వ విద్యార్థుల సర్వే. కళాశాలలకు గ్రేడ్లిచ్చే నాక్ 2017లో సవరించిన పద్ధతిలోనూ వారి అభిప్రాయ సేకరణకు చోటుంది. అంటే ఈ ఫారం పుట్టిందే కళాశాల అవసరం కోసం. నింపేవారికి దానితో పనేమిటన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు.

చదువు ముగిసి ఎంత కాలమైతే జవాబుకు అంత విలువ. మనిషి దొరకడమూ అంత కష్టం. బ్రిటన్‌లో ఈ చిక్కు అంకెల్లోనే కనిపిస్తుంది. ఆరు నెలలకే విశ్వవిద్యాలయాలు స్వయంగా ఆరా తీసిన రోజుల్లో, స్థానిక పూర్తికాల విద్యార్థుల్లో 80 శాతం మంది నుంచి జవాబు రాబట్టాలన్నది లక్ష్యం. 2017-18 పట్టభద్రులతో ఆ పని ఒకే సంస్థ చేతికి వెళ్లింది, వ్యవధి 15 నెలలైంది. లక్ష్యం 60 శాతానికి దిగింది. మన దగ్గర సిమ్ మారుతుంది, కళాశాల ఇచ్చిన ఈమెయిల్ మూతపడుతుంది. ఇక్కడ ఉదయం పదకొండుకు పంపిన లింకు డాలస్‌లో ఉన్నవారికి అర్ధరాత్రి వేళ చేరుతుంది.

జవాబుల సంఖ్య పెంచితే చాలనుకునేవారు 1936ను గుర్తు చేసుకోవాలి. అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందిని అడిగి, 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి, ఓడిపోయే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. మన ఫారాన్నీ మంచి ప్యాకేజీ ఉన్నవారే ముందు నింపుతారని నా అనుమానం.

అమెరికాలోనే 1992లో వెలువడిన ఒక అధ్యయనంలో, కవరులోనే ఒక డాలరు పెట్టి పంపిన సర్వేకు, నింపాక 50 డాలర్లు ఇస్తామన్న దానికన్నా ఎక్కువ జవాబులొచ్చాయి. కళాశాల డబ్బే ఇవ్వనక్కరలేదు. నిరుటి జవాబులు చూసి ల్యాబులో ఏం మార్చారో రెండు వాక్యాలు పైన రాసినా ఆ డాలరుతో సమానం. దానికి బదులు, నక్షత్రం గుర్తున్న మొదటి గడిలోనే, తన రిజిస్టరులో ఎటూ ఉన్న హాల్ టికెట్ నంబరు అడుగుతుంది. పదేళ్ల కిందటి ఆ నంబరు గుర్తు రాకపోతే తరువాతి పేజీ తెరుచుకోదు.